చెల్లని మాట

ధర్మాసనముపై నున్నవాడు తన మాట చెల్లదని యెరిగియు దానిని వ్రాయవలెనా? నిష్కామకర్మమును గూర్చి నిత్యము వినుచుండు మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

1902లో రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు 1958లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిరి. 1962లో వారి యెదుటికి ఖరక్ సింగ్ వ్యాజ్యము వచ్చినది. దోపిడీ కేసులో సాక్ష్యము లేక విడుదలైనను పోలీసులు అతనిని విడువలేదు; పగలు కదలికలపై కన్నువేసి, రాత్రివేళ తలుపు తట్టి లేపుచుండిరి. ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు ఆ రాత్రి రాకలను మాత్రమే కొట్టివేసిరి. తక్కిన నిఘా తప్పు కాదనిరి, ఏకాంతము రాజ్యాంగపు హక్కు కాదనిరి. సుబ్బారావుగారు, షాగారితో కలిసి, నిఘా యంతయు చెల్లదని భిన్నముగా వ్రాసిరి. ఇద్దరి మాట గనుక అది అక్కరకు రాలేదు.

సుబ్బారావుగారు కోరికలు లేని ముని యని నేననను. 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవి విడిచి, రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడిరి. 1976లో దివంగతులైరి. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా వారి త్రోవయే సరియనిరి.

ఆ 2017 రాకపోయినచో? ఆ వ్రాత వృథాయని కొందరనవచ్చును. నేనట్లు తలపను. వెంట పోలీసు నడచుచుండగా మనిషి నడక స్వేచ్ఛ కాజాలదని ఆనాడే, ఆ వ్యాజ్యములోనే, ఎవరో ఒకరు వ్రాయవలసియుండెను.