వాడి మాట వాడినే పలకనీ

అమ్మడూ, నిన్న జగదల్‌పూర్‌లో నీ రిహార్సల్ వెనక వరసలో కూర్చుని చూశాను. కథ బాగుంది. కానీ ఆ హల్బీ మాట్లాడే కుర్రాడి చేత ఒక్క హిందీ మాట పలికించడానికి పదిసార్లు ఆపావు. పదోసారికి మాట కుదిరింది, వాడి మొహం వాడిపోయింది. రాత్రంతా ఆ మొహమే నా కళ్లలో మెదిలింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నీలాగే పల్లె కళాకారులతో నాటకాలు ఆడించిన దర్శకుడు హబీబ్ తన్వీర్ పుట్టింది 1923లో, మన రాయ్‌పూర్‌లో. బొంబాయిలో ఇప్టా నాటక సంఘంతో తిరిగారు, లండన్‌లో నాటకం చదివారు, బెర్లిన్‌లో బ్రెక్ట్ నాటకాలు చూశారు. తిరిగొచ్చి 1958లో మృచ్ఛకటికం ఆడించడానికి నాచా అనే జానపద నాటకం ఆడే ఛత్తీస్‌గఢ్ కళాకారుల్ని ఢిల్లీ తీసుకెళ్లారు. అంతటి మనిషీ నువ్వు చేస్తున్నదే చేశారు. వాళ్ల చేత హిందీ పలికించారు, ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో నేర్పారు. ఊళ్లో తెల్లవార్లూ జనాన్ని కట్టిపడేసేవాళ్లు స్టేజీ మీద బిగుసుకుపోయారు. తప్పు తనదేనని తెలుసుకోవడానికి ఆయనకి ఏళ్లు పట్టింది. 1973లో రాయ్‌పూర్‌లో నాచా శిబిరం పెట్టి, వాళ్ల ఛత్తీస్‌గఢీలో వాళ్లనే ఆడనిచ్చారు. రెండేళ్లకి ‘చరణ్‌దాస్ చోర్’ నాటకం వచ్చింది. అదే 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవంలో బహుమతి గెలిచింది.

ఇంకో కథ మన గుమ్మంలోదే. ఓరుగల్లు కాకతీయుల వంశమని చెప్పుకునే బస్తర్ రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న ఈ జగదల్‌పూర్ రాజమహల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయనతోపాటు ఆదివాసులూ నేలకొరిగారు. ఆ కథనే మనసులో పెట్టుకుని హబీబ్ ‘హిర్మా కీ అమర్ కహానీ’ నాటకం రాశారు. అందులో నాకు వినిపించే ప్రశ్న ఒకటే: మేలు చేస్తామంటూ అడవికి వచ్చినవాళ్లు అక్కడి మనిషిని ఒక్కసారైనా అడిగారా? తల్లీ, నిన్న నువ్వు ఆ కుర్రాణ్ని అడిగావా?

రేపు స్క్రిప్టు పక్కన పెట్టు. కథ చెప్పి, దాన్ని వాళ్లనే తిరిగి చెప్పమను, హల్బీలోనో గోండీలోనో. నువ్వు విను, రాసుకో. అడుగులు కూడా వాళ్లకి తోచినట్టే వెయ్యనీ. తొందరపడకు, ఆయనకే అన్నేళ్లు పట్టింది.

మొదటి ఆట హాల్లో వద్దు, ఆ కుర్రాడి ఊళ్లో చింతచెట్టు కింద వెయ్యి. వాళ్లమ్మ ముందు కూర్చుంటుంది. ఎవరూ అర్థం చెప్పకుండానే ఆవిడ నవ్విన చోట నవ్వు, ఆవిడ కళ్లు తుడుచుకున్న చోట గుర్తు పెట్టుకో. నీ నాటకం ఎక్కడ బతికిందో ఆవిడ చెబుతుంది.