ప్రాణము దక్కితే చాలునా?



ప్రొస్టేటు క్యాన్సరుకు ఆపరేషను అనగానే మనము "ప్రాణము దక్కితే చాలు" అంటాము. తరువాత మూత్రము ఆపుకొనలేకపోవడము, దాంపత్య జీవితము దెబ్బతినడము గురించి అడుగుటకు సిగ్గుపడతాము.

ఒకప్పుడు వైద్యులు కూడ ఈ నష్టము తప్పదనుకొన్నారు. దాంపత్యమునకు అవసరమైన నరములు ఎక్కడున్నవో సరిగా తెలియలేదు. అవి ప్రొస్టేటు గ్రంథికి వెలుపల, ఇరుప్రక్కల సాగుతున్నవని 1981లో హాలెండులోని లైడెన్ పట్టణములో డాక్టర్ పాట్రిక్ వాల్ష్, డాక్టర్ డోంకర్ కలిసి కనుగొన్నారు. 1982లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్ష్ ఆ నరములను కాపాడుతూ ఆపరేషను చేశారు.

అయితే క్యాన్సరు నరముల దాకా ప్రాకితే వాటిని కూడ తీసివేయక తప్పదు. కాపాడినను మునుపటి స్థితి వచ్చునని హామీ లేదు. కోలుకొనుటకు నెలలు, ఒక్కోసారి ఏండ్లు పట్టవచ్చు.

మరి నిర్ణయము ఎవరిది? డాక్టరుదా, కుమారులదా? ఆ దేహముతో బ్రతుకవలసిన వానిదే అని మేము తలంచుచున్నాము. కనుక భార్యాభర్తలిద్దరు ముందుగానే డాక్టరు ఎదుట కూర్చుండి అన్నియు అడుగవలెను. ప్రాణము మీద ఆశ తప్పు కానట్లే, బ్రతుకు మీద ఆశయు తప్పు కాదు.