రెండోసారి ఎందుకు అడుగుతారు?

మా పిన్ని కూతురు హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో పరస్పర అంగీకార విడాకులకి సంతకం పెట్టింది. రెండో మోషన్‌కీ వచ్చి ఒప్పుకుంటానని రాతపూర్వకంగా హామీ ఇచ్చింది, ఒప్పందంలో సగం డబ్బు తీసుకుంది. ఆర్నెల్లయ్యాక రానంది. అవతలి లాయరు కోర్టు ధిక్కారం నోటీసు పంపాడు.

"డబ్బు తిరిగిచ్చేస్తా అన్నయ్యా. కానీ ఆ మాట నాది కాదు, నాతో అనిపించారు," అంది. నాకు చిరాకేసింది. ఆ రోజు కూర్చోబెట్టి మాట్లాడినవాళ్లలో నేనూ ఉన్నాను మరి.

హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ రెండుసార్లు అడుగుతుంది. మధ్యలో కనీసం ఆరు నెలలు. (తగిన కేసుల్లో ఆ గడువు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది.) మనసు మారే అవకాశమే లేకపోతే రెండోసారి అడగడమెందుకు? డిక్రీ వచ్చేదాకా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఇంకోపక్క, 1971 నాటి ధిక్కార చట్టం ప్రకారం కోర్టుకిచ్చిన హామీని కావాలని తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

ఈ ముడి 2018లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ముందుకొచ్చింది. హామీ తప్పడం ధిక్కారం కావచ్చు, కానీ ధిక్కారం పేరుతో సమ్మతి ఇప్పించకూడదు అన్నారు. ఇక్కడి కోర్టు దానికి కట్టుబడక్కర్లేదనుకోండి. మొదట చదివినప్పుడు గోడమీద పిల్లి వ్యవహారంలా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, డబ్బు కడతానని మాటివ్వొచ్చు, ఇల్లు ఖాళీ చేస్తానని ఇవ్వొచ్చు. ఆర్నెల్ల తర్వాత కూడా నాకిదే కావాలనిపిస్తుంది అని మాత్రం ఎవరివ్వగలరు?

అలాగని అతని నష్టం ఉత్తిది కాదు. ఆ మాట నమ్మి ఊళ్లో ప్లాటు అడ్డికి పావుశేరు అమ్మేశాడు. డబ్బు వెనక్కిచ్చినా ప్లాటు రాదు. ఆ తేడా ఆమె పూడ్చాల్సిందేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆమెకీ చెప్పాను, నచ్చలేదు.

"ఆ రోజు నేనేమన్నాను?" అని అడిగాను.

"'అమ్మ ఆరోగ్యం చూడు, సంతకం పెట్టేయ్' అన్నావు."

నాకు గుర్తులేదు. కానీ నేను అనే మాటే అది.

నోటీసుకి జవాబులో అది రాయించనా అంది. నా పేరుతో సహా రాయించమన్నాను.