ఎలుక చెవి, మనిషి పుట్టుక

ఇంగ్లండులో ఎలుకలకు అందాల పోటీలు పెడతారు. వేళాకోళం కాదు, అక్కడి జాతీయ ఎలుకల క్లబ్బు 1895లోనే మొదలైంది. పోటీకి నిలిచే చిట్టెలుక ఒళ్లు పొడవుగా, సన్నగా ఉండాలి. చెవులు పెద్దవై, ముడతల్లేకుండా నిటారుగా నిలవాలి. తోక మొదట్లో లావుగా ఉండి కొరడా కొసలా సన్నబడాలి, పొడవు దాదాపు ఒంటి పొడవంత ఉండాలి.

దీన్ని సాధించే తీరు చూడండి. ఎలుక మూడు వారాలకే ఈనుతుంది, ఒక్కో ఈతకు ఎనిమిదో పదో పిల్లలు. పెంపకందారు నాలుగైదింటినే తల్లి దగ్గర ఉంచుతాడు. పాలు బాగా అంది అవి పెద్దవవుతాయి. వాటిలోనూ పొడవైనదాన్ని, చెవులు బాగున్నదాన్ని ఏరి మళ్లీ జత కలుపుతాడు, చాలాసార్లు తండ్రీకూతుళ్లనే, అన్నాచెల్లెళ్లనే. మిగిలిన పిల్లల్ని పుట్టిన కొద్ది రోజులకే చంపేయడం ఈ సరదాలో మామూలు. ‘ఎంపిక’ అనే మాటలో ఆ చావు వినిపించదు.

పంచశీలలో మొదటిదాన్ని రోజూ పలికే మనం ఇక్కడ ఆగాలి. మన యానాదులు పొలంలో ఎలుకను పట్టేది కడుపు కోసం. ఇక్కడ ప్రాణం పోతున్నది చెవి ఆకారం కోసం. పైగా ఆ కొలత ఎలుక మేలు కోరి పెట్టింది కాదు. జపాను ‘నాట్యమాడే ఎలుకల్ని’ జనం ముచ్చటపడి తరతరాలు పెంచారు. అవి గిరగిరా తిరిగేది లోపలి చెవి పాడైనందువల్ల. అవి చెవిటివి కూడా.

ఇది ఎలుకలతో ఆగలేదు. వంశం కలవని ఎలుకల్ని పెంచి, 1929లో జాక్సన్ ప్రయోగశాల పెట్టిన అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్ లిటిల్, మనుషుల సంతానాన్నీ మెరుగుపరచాలనే యూజెనిక్స్ ఉద్యమంలో తిరిగాడు. మన దేశంలో కులాన్ని వెనకేసుకొచ్చేవారికీ ఆ వాదం పనికొచ్చింది. 1936లో ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ దాన్ని నిలదీశారు. కులం మేలైన సంతానాన్నిచ్చే ఏర్పాటే అయితే, ఇన్ని శతాబ్దాల తర్వాత ఈ జనం ఒంటి బలంలో ఇంత వెనకబడి ఎందుకున్నారన్నది ఆయన వాదన.

వాసెట్ఠ సుత్తంలో తథాగతుడు ఇంకా మూలానికి వెళ్లారు. గడ్డికీ, పురుగుకీ, చిన్నాపెద్దా నాలుగుకాళ్ల జీవాలకూ పుట్టుకతో వచ్చే జాతి గుర్తులున్నాయి. మనుషుల్లో ఆ గుర్తు తలలో లేదు, కంటిలో లేదు, చెవిలోనూ లేదు.

మేము చదివింది లా, చేసేది బస్తీల్లో పని. పెళ్లి మాటలకు మమ్మల్ని పిలుస్తుంటారు. దీక్ష తీసుకున్న ఇళ్లే, గోడ మీద బుద్ధుడూ బాబాసాహెబూ ఉంటారు. పిల్ల రంగు, పొడుగు అడుగుతారు. టీ తాగాక గొంతు తగ్గించి, “అన్నా, వాళ్లు మాలలా, మాదిగలా?” అంటారు. పోయిన వేసవిలో ఒక సంబంధం అక్కడే తప్పిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది మేమే.