దయకు వెల

క్రూసేడు యుద్ధాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండు సంవత్సరాలను తక్కెడలో పెట్టి తూచుతుంటారు. 1099 జులైలో క్రైస్తవ సైన్యాలు జెరూసలేంలో చొరబడి ముస్లిములనూ యూదులనూ ఊచకోత కోశాయి. 1187 అక్టోబరులో అదే నగరాన్ని పట్టుకున్న సలాదిన్ ఆ పని చేయలేదు. సొమ్ము చెల్లించినవారిని ప్రాణాలతో పోనిచ్చాడు. కనుక సలాదిన్ దయామయుడని ఒక తీర్పు. ఇంకొక అడుగు ముందుకు వేసి, అతని మతమే దయగలదని మరొక తీర్పు.

ఈ తేడా చిన్నది కాదు. చంపటానికీ చంపకపోవటానికీ మధ్య వున్న దూరాన్ని "అంతా ప్రభువుల నాటకమే" అని కొట్టిపారేసే భౌతికవాదం మోటు భౌతికవాదం. బతికి బయటపడిన మనిషికి అది నాటకం కాదు గదా! అయితే ఆ "పోనిచ్చాడు" అన్న మాట దగ్గర కాస్త ఆగవలసి వున్నది.

మొదట సలాదిన్ షరతులకు ఒప్పుకోలేదు. నగర రక్షణకు నాయకుడైన బేలియన్, ముస్లిముల పవిత్ర స్థలాలను నేలమట్టం చేస్తామనీ, తమ దగ్గర వున్న వేలాది ముస్లిం బందీలను చంపుతామనీ బెదిరించాడు. ఆ తర్వాతనే బేరం కుదిరింది. మగవాడికి 10 దీనార్లు, ఆడమనిషికి 5, పిల్లలకు ఇంకా తక్కువ. గడువు 40 రోజులు. కట్టలేనివాడు బానిస.

పేదల్లో సుమారు 7,000 మందికి కలిపి 30,000 దీనార్లు ముట్టజెప్పారు. మిగిలినవారి సంగతి? నగర ప్రధాన మతాచార్యుడు హెరాక్లియస్ తన 10 దీనార్లు తాను కట్టి, చర్చి ధనరాసులతో ద్వారం దాటిపోయాడు. ఆ సొమ్ము లాక్కోమని సలహా ఇచ్చినా సలాదిన్ ఆడిన మాట తప్పలేదు. మాట నిలబెట్టుకోవటం గొప్ప గుణమే. కాని ఆ మాట వల్ల రక్షణ పొందింది మతాచార్యుని బంగారం. అతనితో కలిసి అదే దేవుణ్ణి కొలిచిన పేదవాడికి అందులో చోటు లేదు. సలాదిన్ ముసలివారిని ఊరికే విడిచాడు. అతని తమ్ముడు అల్ ఆదిల్ వెయ్యిమంది బందీలను కానుకగా అడిగి పుచ్చుకుని విడిచిపెట్టాడు. విడిచిపెట్టటానికి ముందు మనిషి కానుకగా మారాలన్న మాట!

క్రైస్తవుల పక్షానా లెక్క ఇదే. 1191లో ఆక్రా నగరం పట్టుబడినప్పుడు, ఒప్పుకున్న సొమ్ము అందటం ఆలస్యమైందని ఇంగ్లండు రాజు రిచర్డు సుమారు 2,700 మంది ముస్లిం బందీలను నరికించాడు. రెండు శిబిరాల్లోనూ మనిషి తాకట్టు వస్తువే.

జెరూసలేంలో సొమ్ము కట్టలేక బానిసలైనవారు దాదాపు 15,000 మంది అని సలాదిన్ కార్యదర్శి ఇమాదుద్దీన్ రాశాడు. హెరాక్లియస్ ధనాన్ని పోనివ్వవద్దని వాదించినవాడూ ఇతడే. ధనం చేజారినందుకు నొచ్చుకున్న ఆ కలమే, పట్టుబడిన స్త్రీలను గురించి ప్రాసలు కూర్చి ఉత్సాహంగా వర్ణించింది.