రెండో బహుమతి

1954లో జర్మన్, స్విస్ గ్రాండ్ ప్రీ పందేలు రెండూ ఫాంజియో గెలిచిన మెర్సిడెస్ కారు 2013లో ఇంగ్లండులో వేలానికొచ్చింది. దాదాపు 1.96 కోట్ల పౌండ్లు పలికిందట! అంత డబ్బు లోహానికి ఎవరిస్తారు? ఆ గెలుపులకే. మరి గెలుపు గురించి ఒక్క అబద్ధమాడి అమ్మితే అది దొంగతనం కాదూ?

నేనూ అలాంటి దొంగనే. బాపు పోయాక కరీంనగర్‌లో ఆయన సైకిలు అమ్ముతూ, "పందెంలో ఫస్టొచ్చిన బండి, బిడ్డా!" అన్నాను. పిల్లగాడు మురిసిపోయి 50 రూపాయలు ఎక్కువిచ్చాడు. వచ్చింది రెండో బహుమతి.

"పాత సైకిలుకి ఇంత బాధా?" అంటారు మావారు. బాపు మాత్రం ఎవరడిగినా "సెకండే" అని నవ్వుతూ చెప్పేవారు.

ఆ పిల్లగాడు కనబడితే డబ్బు తిరిగిస్తే చాలా? నిజం చెప్పి అతని మురిపెం కూడా తీసేసుకోవాలా? మీరైతే ఏం చేస్తారు?