కూలికి చేసిన పాపం ఎవరిది?

యమలోకం అనగానే మనకు ఒక ఆఫీసు లాంటిది కళ్లముందు కనిపిస్తుంది. యముడు పై అధికారి. చిత్రగుప్తుడు లెక్కలు రాసే గుమాస్తా. యమభటులు పాశాలు పట్టుకుని తిరిగే సిబ్బంది. సినిమాల్లో వాళ్లను చూసి నవ్వుకుంటాం గానీ, ఒక భటుడు ఎవరి దగ్గరో డబ్బు తీసుకుని వాళ్ల శత్రువును పట్టుకుపోయాడనే పురాణ కథ నేనైతే వినలేదు.

డబ్బుకు పనిచేసే భూతాలుండే నరకం ఒకటుంది. అది ఏ మతానిదీ కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటలోది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై, పాచికలు వేసుకుంటూ ఆడతారు. ఆ కథల కోసం ఇన్నేళ్లుగా ఎన్నో లోకాలు కల్పించారు. వాటిలో ఒకటి గెహెన్నా. (పిల్లలకు దయ్యాల పూజ నేర్పుతోందని 1980లలో అక్కడి తల్లిదండ్రులు కొందరు ఈ ఆట మీద గొడవ చేశారు. 1989లో వచ్చిన రెండో కూర్పులో దయ్యాల పాత పేర్లు తీసేశారు, తర్వాత కొత్త పేర్లు పెట్టారు. దయ్యాలు మాత్రం పోలేదు.)

పేరు మాత్రం నిజమైన చోటునుంచే వచ్చింది. యెరూషలేము పక్కన హిన్నోము లోయ ఉంది. పూర్వం అక్కడ పిల్లల్ని అగ్నికి బలి ఇచ్చేవారని బైబిలు తిట్టిపోస్తుంది. ఆ లోయ పేరే నరకానికి పేరైంది. మన పక్కింటి ముస్లిం తాతగారి నోట వినే ‘జహన్నం’ కూడా ఆ మాటే.

ఆటలోని గెహెన్నా అంతా అగ్నిపర్వతాలే. కాలస్, చమాడా, మంగోత్, క్రాంగాత్ అని నాలుగు కొలుములు. ముందు రెండూ మండుతుంటాయి, చివరిది చల్లారిపోయి చీకటిగా, గడ్డకట్టినంత చలిగా ఉంటుంది. ఎక్కడా సమంగా నిలబడేందుకు చోటు లేదు. ఎక్కడ చూసినా కనీసం 45 డిగ్రీల వాలు, కాలు జారితే దొర్లుకుంటూ పోవడమే. అక్కడుండే భూతాల పేరు యుగోలాత్‌లు. వీళ్లు కిరాయి సైనికులు. ఆ ఆటలో కట్టుబాట్లున్న దయ్యాలకూ ఏ కట్టూ లేని దయ్యాలకూ మధ్య యుగాలుగా ‘రక్త యుద్ధం’ సాగుతోంది. యుగోలాత్‌లు ఎవరు ఎక్కువిస్తే వాళ్ల తరఫున కొడతారు. మధ్యలో అవతలివాడు ఇంకొంచెం ఎక్కువిస్తే అటు మారిపోతారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

వీళ్ల పుట్టుక గురించి ఒక్కో కాలపు పుస్తకంలో ఒక్కో కథ ఉంది. నాకు నచ్చింది 2014 నాటి పుస్తకంలోది. నరకాధిపతి అస్మోడియస్ తన లోకానికి కట్టుబడని సైన్యం ఒకటి కావాలనుకుని, గెహెన్నాలోని మంత్రగత్తెల గుంపుకు ఆ పని అప్పగించాడని చెప్పుకుంటారు. వాళ్లు యుగోలాత్‌లను తయారుచేస్తూ, ఒక్కొక్కడి అసలు పేరును నాలుగు మంత్రపుస్తకాల్లో రాసుకున్నారు. అసలు పేరు తెలిసినవాడి మాట ఆ భూతం కాదనలేదు. చిత్రగుప్తుడి పుస్తకంలో మనం చేసిన పనులుంటాయి. ఈ పుస్తకాల్లో పేర్లే సంకెళ్లు. తర్వాత మంత్రగత్తెలు అసూయలతో కొట్టుకుని విడిపోయారు. ఆ గందరగోళంలో పుస్తకాలు పోయాయి. యుగోలాత్‌లకు విడుదల దొరికింది.

విడుదలయ్యాక ఏం చేశారు? అదే పని. కాకపోతే ఇప్పుడు కూలి తీసుకుని.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న మొదలైంది. కూలికి చేసిన పాపం చేసినవాడిదా, చేయించినవాడిదా? క్లాసులో ఈ మాట వస్తే ఒక స్నేహితుడు, “కత్తి పొడిస్తే కత్తిని జైల్లో పెడతారా? కిరాయివాడు కూడా కత్తి లాంటివాడే” అన్నాడు. వినడానికి బాగుంది. కానీ కత్తి బేరం ఆడదు. రేటు చాల్లేదు, ఇంకో వంద వెయ్యి అనదు. బేరం ఆడగలిగినవాడికి “వద్దు, నేను చేయను” అనే నోరు కూడా ఉన్నట్టే కదా. పేర్లు పుస్తకంలో ఉన్నంతకాలం యుగోలాత్‌లను కత్తి అంటే ఒప్పుకుంటాను. పుస్తకాలు పోయిన రోజు నుంచి ఒప్పుకోను.

భారతంలో దీనికి దగ్గర మాట ఒకటుంది. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు కవచం విప్పి, నడుచుకుంటూ భీష్ముడి దగ్గరికి దీవెన కోసం వెళతాడు. అప్పుడు భీష్ముడు తాను కౌరవుల ధనానికి కట్టుబడిపోయానని, అందుకే ఇటువైపు యుద్ధం చేయాల్సి వస్తోందని చెప్పుకుంటాడు. ద్రోణుడూ, కృపుడూ అదే మాట. అంత పెద్దాయన నోట ఈ మాట వింటే బాధేస్తుంది. ఆయనకు ఏది న్యాయమో తెలుసు, గెలుపు కూడా పాండవులదే కావాలని దీవించాడు. అయినా బాణాలు వేశాడు. యుగోలాత్‌కు ఆ బాధ లేదు, తేడా అంతే. చచ్చిపోయిన సైనికుడి ఇంట్లోవాళ్లకు ఆ తేడా ఎంత వరకు పనికొస్తుందో నాకు అర్థం కాలేదు.

ఇంకో రకం కూడా ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ జర్మన్ రాజుల దగ్గర సుమారు 30,000 మంది సైనికుల్ని అద్దెకు తెచ్చుకుంది. వాళ్లలో ఎక్కువమంది హెస్సె ప్రాంతం వాళ్లు కాబట్టి అందరినీ ‘హెస్సియన్లు’ అనేవారు. అద్దె డబ్బు చేరింది రాజుల ఖజానాకు. చాలామందిని అడిగి పంపలేదు. కిరాయి సైనికులని చెడ్డపేరు మాత్రం వాళ్లకే వచ్చింది. వీళ్ల పేర్లు ఇంకా పుస్తకంలోనే ఉన్నాయని నేననుకుంటాను.

మా బాబాయి ఒక చిన్న లోన్ కంపెనీకి వసూళ్ల పని చేస్తాడు. కిస్తీ కట్టని ఇళ్ల ముందు బండి ఆపి, నలుగురికీ వినపడేలా పేరు పెట్టి పిలవాలి. అదీ పని. ఇంటికొచ్చాక ఆయన ఎవరితోనూ మాట్లాడడు, నేరుగా స్నానానికి వెళతాడు. నాన్నమ్మ ఒకసారి, “ఆ ఉసురు నీకెందుకు తగలాలిరా” అంది. బాబాయి, “నాకెందుకమ్మా, కంపెనీ చెప్పింది, చేశాను” అన్నాడు. ఆమె వాల్మీకి కథ గుర్తుచేసింది. దారి దోచి పెళ్లాం బిడ్డల్ని పోషించిన బోయవాడు, ఈ పాపంలో మీకూ భాగముందా అని అడిగితే వాళ్లు లేదన్నారుగా. బాబాయి కోపంగా, “నువ్వు తినే అన్నం కూడా అందులోదే” అన్నాడు. నాన్నమ్మ ఆ రాత్రి సరిగా తినలేదు.

బాబాయిని యుగోలాత్ అనలేను. ఆయనకు ఇంటి అద్దె ఉంది, ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి, వేరే పని కోసం తిరిగి కూడా చూశాడు. అంటే ఆయన పేరు పుస్తకంలో ఉందా, లేదా? సగం ఉందనిపిస్తుంది. బండి ఆపాలని కంపెనీ చెప్పింది నిజమే. కానీ ఎంత గట్టిగా అరవాలో, ఇంట్లో ఆడపిల్లలు ఉన్నప్పుడు అరవాలో వద్దో, అది ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ఆ కొంచెం జాగా ఆయనదే. అక్కడ జరిగిందాన్ని కంపెనీ ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు.

గెహెన్నా కథలో నన్ను బాగా పట్టుకున్న విషయం ఇంకొకటుంది. వేరే లోకంలో చంపితే యుగోలాత్ చావడు. కరిగిపోయి, మళ్లీ గెహెన్నాలో పూర్తి బలంతో లేస్తాడు. అందుకే బయట ప్రాణభయం లేకుండా యుద్ధం చేస్తాడు. సొంత ఊళ్లో చంపితే మాత్రం నిజంగానే పోతాడు. అక్కడ వాడే ఓడిపోయే ముందు వెనక్కి తగ్గుతాడు, వదిలేయమని బతిమాలతాడు. రాసినవాళ్లు దీన్ని ఆట నియమంగానే పెట్టి ఉండొచ్చు. కానీ వేరేవాళ్ల వీధిలో అరవడం ఎంత తేలికో మా బాబాయి నాతో చెప్పాడు. మా వీధిలో ఒక ఇల్లు లిస్టులో వస్తే ఆయన వెళ్లలేదు, ఆ ఇంటికి వేరేవాణ్ణి పంపమన్నాడు. ఆ వేరేవాడు వచ్చి అరిచాడు. మేమందరం తలుపులు వేసుకుని విన్నాం, బాబాయి కూడా.